హై గెయిన్‌లో గిటార్ యాంప్ గోల తగ్గించడం ఎలా? నాయిస్ గేట్ కొనేముందు చేయాల్సిన పనులు

"గెయిన్ ఆరు దాటించగానే యాంప్ గోల మొదలెడుతోంది. నాయిస్ గేట్ ఏది కొనమంటారు?"

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. నేను తిరిగి అడిగేదీ ఎప్పుడూ ఒకటే: ఆ చప్పుడు ఎలా ఉంది? గుయ్‌మంటోందా, బుస్‌మంటోందా, జిర్రుమంటోందా, కీచుమంటోందా? సగం మంది దీనికి జవాబు చెప్పలేరు. "నాయిస్ అండీ, మామూలు నాయిస్" అంటారు. మామూలు నాయిస్ అంటూ ఏదీ లేదు. గుయ్‌మనేదానికి మందు వేరు, బుస్‌మనేదానికి వేరు.

గేట్ నిజంగా తలుపే. మీరు వాయించనప్పుడు మూసుకుంటుంది. తీగ మీటగానే తెరుచుకుంటుంది, అప్పుడు నోట్‌తో పాటు గోల కూడా వచ్చేస్తుంది. అందుకే గేట్ వంతు చివర్న. ముందు గోలను పుట్టినచోటే తగ్గించాలి. హై గెయిన్ ఛానెల్ పికప్ (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం) నుంచి వచ్చే చిన్న సిగ్నల్‌ను వందల, వేల రెట్లు పెంచుతుంది. గిటార్ దగ్గర చేరిన మురికి కూడా అన్ని రెట్లూ పెరుగుతుంది. పైగా డిస్టార్షన్‌లో పెద్ద శబ్దం ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది, చిన్న శబ్దం మాత్రం పైకి లేస్తూనే ఉంటుంది. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

కావలసినవి

- పనిచేస్తుందని తెలిసిన మంచి గిటార్ కేబుల్ ఒకటి, పొట్టిదైతే మేలు
- బీప్ మోడ్ ఉన్న మల్టీమీటర్, ఎంత చవకదైనా పర్లేదు
- 9 వోల్టుల బ్యాటరీ
- చెక్క పెన్సిల్
- జాక్‌లకు, వాల్యూమ్ నాబ్‌లకు కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే
- రికార్డు చేయడానికి ఫోన్, ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే ఇంకా మంచిది
- గిటార్ విప్పాల్సి వస్తే: జిగురు వైపు కూడా కరెంటు పారే రాగి టేపు, సాల్డరింగ్ ఐరన్

మొదలెట్టే ముందు రెండు హెచ్చరికలు

ఒకటి: హమ్ పోతుందని ప్లగ్గు ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం, ఎర్త్ తగలని అడాప్టర్ పెట్టడం చేయకండి. ఈ చిట్కా ఎవరు చెప్పినా వినొద్దు. హమ్ నిజంగానే తగ్గుతుంది, ప్రమాదం అక్కడే. యాంప్ లోపల ఏదైనా తెగి పెట్టెకు తగిలితే ఆ కరెంటు ఎర్త్‌లోకి పోవాల్సింది తీగల మీదుగా మీ చేతిలోకి వస్తుంది. తీగలు పట్టుకుని మైకుకు పెదవి ఆనించినప్పుడు ఎప్పుడైనా చురుక్కుమందా? అయితే ఈ వ్యాసం పక్కన పెట్టి ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

రెండు: ట్యూబ్ యాంప్ వెనక మూత విప్పి లోపలి బోర్డు మీద చెయ్యి పెట్టకండి. లోపల 300 నుంచి 500 వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్గు పీకేశాక కూడా కెపాసిటర్లు ఆ వోల్టేజీని పట్టి ఉంచగలవు.

1. ఇప్పుడున్న గోలను రికార్డు చేసి పెట్టుకోండి

ఇది అందరూ దాటేసే పని. తర్వాత "తగ్గిందా, నాకలా అనిపిస్తోందా" అని తలపట్టుకునేది కూడా ఇందుకే. మీరు రోజూ వాడే సెట్టింగుల్లో అన్నీ ఉంచి 10 సెకన్లు తీగల్ని చేత్తో అదిమి ఊరుకోండి. తర్వాత 10 సెకన్లు పామ్ మ్యూట్ (అరచేతి అంచుతో తీగల్ని కాస్త అదిమి మీటడం) వాయించండి. ఫోన్‌తో రికార్డు చేస్తుంటే ఫోన్ ఎక్కడ పెట్టారో గుర్తు పెట్టుకోండి, నాబ్‌ల ఫొటో ఒకటి తీసుకోండి. ఒక చిక్కుంది: చాలా ఫోన్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు మైకును వాటంతటవే పెంచేసుకుంటాయి. అలా అయితే ముందూ వెనకా రెండు రికార్డింగులూ ఒకేలా వినిపిస్తాయి. రికార్డింగ్ లెవెల్‌ను చేత్తో పెట్టుకోనిచ్చే యాప్ గానీ, ఇంటర్‌ఫేస్ గానీ వాడండి.

2. చప్పుడును గుర్తుపట్టండి

కళ్లు మూసుకుని అర నిమిషం వినండి.

*గుయ్* అని లోతుగా, ఒకే శ్రుతిలో వస్తే అది హమ్, కరెంటు నుంచి పుట్టింది. మీ ప్రాంతంలో కరెంటు 50 హెర్ట్జ్ అయితే హమ్ 50 దగ్గరో 100 దగ్గరో ఉంటుంది. 60 హెర్ట్జ్ అయితే 60 దగ్గరో 120 దగ్గరో. ఇది తేల్చడానికి మీటరు అక్కర్లేదు, గిటారే చాలు. స్టాండర్డ్ ట్యూనింగ్‌లో లావు ఇ తీగ మూడో ఫ్రెట్ 98 హెర్ట్జ్. హమ్ దానితో కలిసిపోతే అది 100. దానికి ఒక ఆక్టేవ్ కింద ఉంటే 50. 60 హెర్ట్జ్ ప్రాంతాల వాళ్లు ఎ తీగ ఒకటి, రెండు ఫ్రెట్ల మధ్య వెతకండి, 120 అక్కడ పడుతుంది. ఈ తేడా చూడమనేది ఎందుకంటే, పికప్ గాలిలోంచి పట్టుకునే హమ్ ఎక్కువగా 50 లేదా 60 దగ్గర ఉంటుంది. యాంప్ పవర్ సప్లైలో ఫిల్టర్ కెపాసిటర్లు ముసలివైతే వచ్చేది సాధారణంగా దానికి రెట్టింపు.

*జిర్ర్* అని తుమ్మెదలా గరుగ్గా ఉంటే బజ్. డిమ్మర్ లైట్లు, షీల్డింగ్ (బయటి గోలను ఆపే లోహపు పొర) లేని గిటార్, గ్రౌండ్ లూప్ (ఆరో మెట్టులో చూద్దాం), వీటిలో ఏదో ఒకటి.

*బుస్స్* అని పాము బుసలా వస్తే హిస్. ఇది చాలావరకు గెయిన్‌తో పాటు వచ్చే కట్నం. పూర్తిగా పోదు, తగ్గుతుంది.

*కీచు*మంటే పికప్ గానీ ట్యూబ్ గానీ మైక్రోఫోన్‌లా పనిచేస్తోందని. *చిటపట*లాడితే జాక్, కేబుల్, లేదా దుమ్ము పట్టిన నాబ్. సన్నగా *కూ* అని ఈల వేస్తే డిజిటల్ పెడల్‌నో దాని అడాప్టర్‌నో అనుమానించండి.

3. అన్నీ పీకేసి యాంప్ దగ్గర మొదలెట్టండి

గిటార్ నుంచి యాంప్ వైపు వెతుకుతూ వస్తే రోజంతా పడుతుంది. యాంప్ నుంచి గిటార్ వైపు వెళ్తే అరగంట చాలు.

యాంప్ ఇన్‌పుట్‌లో కేబుల్ తీసేయండి. ఎఫెక్ట్స్ లూప్‌లో (యాంప్ సెండ్, రిటర్న్ జాక్‌ల మధ్య) ఉన్నవీ పీకేయండి. నాబ్‌లు మాత్రం కదపొద్దు. చాలా యాంపుల్లో ఇన్‌పుట్ ఖాళీగా ఉంటే అది దానంతటదే గ్రౌండ్‌కు కలిసిపోతుంది, కాబట్టి ఇప్పుడు వినిపించేదంతా యాంప్ సొంత గొంతు. కొంచెం హిస్ ఉంటే కంగారు పడకండి. హై గెయిన్ యాంప్ అన్నాక ఆ మాత్రం ఉంటుంది.

ఇప్పుడు మాస్టర్ వాల్యూమ్ సున్నాకి తెండి.

- సున్నాలో కూడా హమ్ అలాగే ఉందంటే గోల మాస్టర్ తర్వాత పుడుతోంది: పవర్ ట్యూబులు, ఫిల్టర్ కెపాసిటర్లు, ట్రాన్స్‌ఫార్మర్. ఇది టెక్నీషియన్ పని. మీరు ఎన్ని పెడళ్లు మార్చినా ఇది పోదు.
- మాస్టర్‌తో తగ్గుతూ, గెయిన్ నాబ్‌ను మాత్రం పట్టించుకోకపోతే లూప్ ప్రాంతమో, ప్రీయాంప్ (సిగ్నల్‌ను మొదట పెంచే భాగం) చివరో.
- గెయిన్ తిప్పితే పెరుగుతూ తగ్గుతూ ఉంటే మొదటి ప్రీయాంప్ ట్యూబ్. పదో మెట్టులో చూద్దాం.

యాంప్ ఒంటరిగా ప్రశాంతంగా ఉంటే దొంగ బయట ఉన్నట్టే.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు ఒకటుంది. కేబుల్ యాంప్‌కు గుచ్చి, రెండో కొస గాల్లో వదిలేసి "చూడండి ఎంత గోలో" అంటారు. ఆ కొసకు ఏమీ తగిలించకపోతే అది ఏరియల్. ఏ యాంప్ అయినా అరుస్తుంది. ఆ పరీక్షతో తేలేది ఏమీ లేదు.

4. గిటార్ నేరుగా యాంప్‌కు

పెడళ్లు ఇంకా పక్కనే ఉండనివ్వండి. మంచి కేబుల్‌తో గిటార్‌ను నేరుగా తగిలించి మూడు పనులు చేయండి.

*వాల్యూమ్ సున్నా, తర్వాత పది.* సున్నాలో నిశ్శబ్దం, పదిలో గోల అంటే పికప్‌లు గాని, గిటార్ లోపలి వైరింగ్ గాని పట్టుకుంటున్నాయి. సున్నాలో కూడా గోలే అంటే కేబుల్, జాక్, లేదా గ్రౌండ్.

*తిరగండి.* గిటార్ వేసుకుని, వాల్యూమ్ పదిలో ఉంచి, ఉన్నచోటే మెల్లగా ఒక చుట్టు తిరగండి. సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్ అయితే ఒక వైపు హమ్ నిండుగా వినిపిస్తుంది, అక్కడి నుంచి పావు చుట్టు తిరిగేసరికి దాదాపు చచ్చిపోతుంది. మళ్లీ పావు చుట్టు తిరిగితే లేస్తుంది. అలా చచ్చిపోయే దిక్కు దొరికితే నేల మీద టేపు ముక్క అంటించండి. రికార్డింగ్ రోజున అక్కడే కూర్చోండి. పైసా ఖర్చు లేని మందు ఇది, నేను ఇప్పటికీ వాడుతున్నాను. యాంప్‌కు ఆనుకుని వాయించే అలవాటు ఉంటే రెండు మీటర్లు వెనక్కి జరగండి. యాంప్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని హంబకర్ (రెండు చుట్టల పికప్) కూడా కొంత పట్టుకుంటుంది.

*తీగలు తాకండి.* తాకగానే బజ్ తగ్గితే అది మామూలే. మీ ఒళ్లే ఏరియల్, తీగల ద్వారా అది గ్రౌండ్ అవుతుంది. అయితే తగ్గుదల మరీ కొట్టొచ్చినట్టుంటే షీల్డింగ్ చాలడం లేదని అర్థం. తాకితే *పెరిగితే* వైరింగ్‌లో తప్పుంది: జాక్ దగ్గర హాట్ (సిగ్నల్ మోసేది), గ్రౌండ్ వైర్లు తారుమారయ్యాయో, బ్రిడ్జి వైరు తెగిందో చూడాలి. తాకినా తాకకపోయినా ఏ తేడా లేకపోతే మల్టీమీటర్‌లో ఒక కొస బ్రిడ్జికి, ఇంకొకటి కేబుల్ ప్లగ్గు పొడుగు లోహభాగానికి పెట్టండి. బీప్ రావాలి. రాకపోతే బ్రిడ్జి గ్రౌండ్ వైరు ఊడింది. కొన్ని యాక్టివ్ పికప్‌ల గిటార్లలో మాత్రం ఆ వైరు కావాలనే పెట్టరు, వాటికి ఈ పరీక్ష వర్తించదు.

5. గదిలో ఏముందో చూడండి

నాకు జరిగింది చెబుతాను. ఒకసారి కొత్తగా ఒక సన్నటి ఈల మొదలైంది. గిటార్ విప్పాను, జాక్ మార్చాను, పాట్‌లన్నీ (నాబ్‌ల కింద తిరిగే భాగాలు) కడిగాను. రెండు సాయంత్రాలు పోయాయి. మూడో రోజు ఫోన్ చార్జింగ్ అయిపోయిందని చార్జర్ పీకాను. ఈల ఆగింది. చార్జర్ పెడల్‌బోర్డు కింద, సరిగ్గా వా పెడల్ పక్కన ఉంది.

కాబట్టి గిటార్ వాల్యూమ్ పదిలో ఉంచి, యాంప్ మోగుతుండగానే ఒక్కోటి ఆపుతూ రండి: డిమ్మర్ లైట్లు, ఫ్యాన్ రెగ్యులేటర్, ఫోన్ చార్జర్లు, ల్యాప్‌టాప్ అడాప్టర్, మానిటర్. డిమ్మర్ ఉన్న లైటును సగంలో పెట్టకండి. పూర్తిగా వేయండి, లేదా ఆర్పేయండి. సగంలోనే అది ఎక్కువ బజ్ పుట్టిస్తుంది. జేబులో ఫోన్ ఉంటే దూరంగా పెట్టండి. వా పెడల్ లోపల చిన్న కాయిల్ ఉంటుంది, అది కూడా పికప్‌లాగే హమ్ పట్టుకుంటుంది. దాన్ని పవర్ సప్లై పక్కన పెట్టొద్దు.

6. కరెంటు, పెడల్ పవర్, గ్రౌండ్ లూప్

ఇప్పుడు పెడళ్లు ఒక్కోటిగా చేర్చండి. ఒకటి పెట్టడం, వినడం, తర్వాత ఇంకోటి. "అన్నీ ఒకేసారి పెట్టి చూద్దాం" అనుకుంటే మళ్లీ మొదటికే వస్తారు.

ఏ పెడల్ చేరగానే గోల మొదలైందో దాన్ని 9 వోల్టుల బ్యాటరీ మీద నడిపి చూడండి. గోల పోతే తప్పు పెడల్‌ది కాదు, దాని కరెంటుది. ఒకే అడాప్టర్ నుంచి గొలుసు వైరుతో అయిదారు పెడళ్లకు కరెంటు ఇస్తుంటే, అందులో ఒక్క డిజిటల్ డిలే ఉన్నా దాని ఈల మిగతా వాటిలోకి పాకుతుంది. దాన్ని డిస్టార్షన్ వెయ్యి రెట్లు చేసి వినిపిస్తుంది. దీనికి సరైన మందు ఐసొలేటెడ్ (ఒకదానితో ఒకటి కలవని) ఔట్‌పుట్‌లు ఉన్న పవర్ సప్లై. గేట్‌కు పెట్టాలనుకున్న డబ్బు ముందు దీని మీద పెట్టమంటాను. అంత ఖర్చు ఇప్పుడొద్దనుకుంటే డిజిటల్ పెడళ్లకు విడిగా ఒక అడాప్టర్ పెట్టండి, సగం పని అవుతుంది.

కొనేటప్పుడు మూడు చూసుకోండి: వోల్టులు, పోలారిటీ (ఎక్కువ పెడళ్లకు మధ్య పిన్ను నెగటివ్), మిల్లీయాంపులు. పెడల్ 300 మిల్లీయాంపులు అడిగితే ఔట్‌పుట్ 300 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఇవ్వగలగాలి. ఎక్కువుంటే నష్టం లేదు, తక్కువైతే గోల. వోల్టుల్లో మాత్రం ఎక్కువ తక్కువలు వద్దు.

గ్రౌండ్ లూప్ అంటే రెండు పరికరాలు ఎర్త్‌కు రెండు దారుల్లో కలిసి, ఆ చుట్టులో కరెంటు తిరగడం. రెండు యాంపులు ఒకేసారి వాడేవాళ్లకు, యాంప్‌నూ కంప్యూటర్‌నూ కలిపేవాళ్లకు ఇది తరచూ ఎదురవుతుంది. వరుసగా ఇలా చేయండి:

అన్నిటినీ ఒకే ఎర్త్ ఉన్న సాకెట్ నుంచి, ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడపండి. గదికి ఆ మూల ఒకటి, ఈ మూల ఒకటి వద్దు. అయినా పోకపోతే ల్యాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద నడపండి. అప్పుడు ఆగిందంటే దొంగ దొరికినట్టే. ఆడియో దారిలో ట్రాన్స్‌ఫార్మర్ ఐసొలేటర్ పెట్టెను పెట్టండి. రెండు యాంపులకైతే ట్రాన్స్‌ఫార్మర్ ఐసొలేషన్ ఉన్న స్ప్లిటర్ కావాలి. తెంచాల్సింది ఆడియో వైపు గ్రౌండ్‌ను. కరెంటు ప్లగ్గు ఎర్త్‌ను కాదు, మళ్లీ చెబుతున్నాను.

7. కేబుళ్లు

క్లుప్తంగా: యాంప్ మోగుతుండగా ప్రతి ప్లగ్గునూ జాక్‌లో వేళ్లతో గుండ్రంగా తిప్పండి. చిటపటలాడితే జాక్‌లోకి, ప్లగ్గు మీదకు కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పదిసార్లు గుచ్చి తీయండి. అప్పటికీ పోకపోతే ప్లగ్గు మూత విప్పి చూడండి. బయటి జడ వైరు ఒక్క పోగు మీద వేలాడుతూ కనిపించడం మామూలే. ఆడియో కేబుళ్లు, కరెంటు వైర్లు పక్కపక్కన పరుచుకోకూడదు. దాటక తప్పని చోట అడ్డంగా దాటించండి.

హెడ్ (స్పీకర్ లేని యాంప్) నుంచి క్యాబినెట్‌కు (స్పీకర్ పెట్టెకు) స్పీకర్ కేబులే వాడాలి. చూడ్డానికి ఒకేలా ఉన్నాయని గిటార్ కేబుల్ పెట్టారా, ట్యూబ్ యాంప్‌కు ముప్పు. అలాగే స్పీకర్ కేబుల్‌ను గిటార్‌కు వాడితే షీల్డ్ ఉండదు కాబట్టి గోలే గోల. ఈ రెండో తప్పు చేసినవాళ్లను నేను చాలామందిని చూశాను.

8. గిటార్ లోపల రాగి టేపు

నాలుగో మెట్టులో దొంగ గిటారే అని తేలితేనే ఇది చేయండి. ముందుగా ఒక భ్రమ వదిలించుకోవాలి: రాగి టేపు జిర్రుమనే బజ్‌ను తగ్గిస్తుంది. సింగిల్ కాయిల్ పట్టుకునే గుయ్‌మనే హమ్‌ను దాదాపు తగ్గించదు. పల్చటి రాగి అయస్కాంత క్షేత్రాన్ని ఆపలేదు. "రోజంతా టేపు అంటించాను, హమ్ అలాగే ఉంది" అనేవాళ్లంతా ఇక్కడే పప్పులో కాలేస్తారు. ఆ హమ్‌కు దారి రెండు కాయిల్స్‌ను ఒకదానికొకటి ఎదురు పెట్టడమే. గిబ్సన్‌లో సేథ్ లవర్ 1955లో పేటెంటుకు దరఖాస్తు చేసిన హంబకర్ చేసే పని అదే. మూడు సింగిల్ కాయిల్స్ ఉన్న గిటార్లలో మధ్య పికప్‌ను చాలాసార్లు ఎదురు చుట్టి ఉంచుతారు. అలాంటి వాటిలో సెలెక్టర్ 2, 4 స్థానాల్లో హమ్ పోతుంది. హై గెయిన్ మీద మనసుంటే హంబకర్ గానీ, సింగిల్ కాయిల్ ఆకారంలో వచ్చే నాయిస్‌లెస్ పికప్ గానీ పెట్టించుకోండి.

ఇక పని:

ముందు లోపలి వైరింగ్‌ను రెండు మూడు కోణాల్లో ఫొటోలు తీయండి. కంట్రోల్ గుంతలో అడుగునా గోడలకూ టేపు అంటించండి. ముక్కకూ ముక్కకూ అర సెంటీమీటరు ఒకదాని మీద ఒకటి ఎక్కాలి. గోడ మీది టేపును అంచు దాటించి పైకి మడవండి, పిక్‌గార్డు వెనక వేసిన టేపు అక్కడ తగులుతుంది. గుంత నుంచి ఒక వైరు తీసి వాల్యూమ్ పాట్ వీపున గ్రౌండ్‌కు సాల్డర్ చేయండి. గ్రౌండ్‌కు కలపని రాగి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

మల్టీమీటర్ బీప్ మోడ్‌లో ఒక కొస జాక్ గ్రౌండ్‌కు పెట్టి, ఇంకో కొసతో ప్రతి టేపు ముక్కనూ తాకండి. ఏ ముక్క మూగగా ఉంటే దాని అతుకు మీద చిన్న సాల్డర్ బొట్టు వేయండి.

మూత బిగించాక గిటార్ పూర్తిగా మూగబోయిందా? భయపడకండి. జాక్ కొస తగిలే రేకు, కేబుల్ గుచ్చగానే వంగి గోడ మీది రాగికి తగులుతోంది. అక్కడ ఇన్సులేషన్ టేపు వేయండి. బిగించే ముందే కేబుల్ గుచ్చి, వాల్యూమ్ పదిలో పెట్టి, ప్లగ్గు కొసకూ పొడుగు భాగానికీ మధ్య కొలవండి. మామూలు పికప్‌లకు కొన్ని కిలో ఓమ్‌లు చూపాలి. సున్నా చూపితే ఎక్కడో తగులుతోంది.

9. గెయిన్ తగ్గించండి

ఎవరికీ నచ్చని మెట్టు ఇది. ఫలితం ఎక్కువ ఇచ్చేదీ ఇదే.

పామ్ మ్యూట్ రిఫ్ ఒకటి వాయిస్తూ గెయిన్‌ను కొంచెం కొంచెంగా దించండి. దెబ్బలో బరువు పోయిందనిపించిన చోట ఆగి, పిసరంత పైకి తిప్పండి. చాలామంది తొమ్మిది నుంచి ఆరుకు దిగుతారు, రిఫ్ ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. ఇంట్లో ఒంటరిగా, తక్కువ వాల్యూమ్‌లో వాయించేటప్పుడు పెట్టుకున్న గెయిన్ డ్రమ్స్, బాస్ చేరాక ఎప్పుడూ ఎక్కువే అవుతుంది. రెండుసార్లు వాయించి ఎడమా కుడీ పెట్టే రికార్డింగులో అయితే ఇంకా తక్కువ చాలు.

దెబ్బ బిగువుగా లేదనిపిస్తే యాంప్ ముందు ట్యూబ్ స్క్రీమర్ తరహా ఓవర్‌డ్రైవ్ పెడల్ పెట్టండి: డ్రైవ్ దాదాపు సున్నా, టోన్ మధ్యలో, లెవెల్ బాగా పైకి. లావు శబ్దం కత్తిరించుకుని మధ్య భాగం ముందుకొస్తుంది. కానీ పెడల్ పెట్టాక యాంప్ గెయిన్ దించకపోతే గోల ఇంకా పెరుగుతుంది. పెడల్ ఆన్ చేసి "బిగువొచ్చింది కానీ బుస ఎక్కువైంది" అనేవాళ్లు మర్చిపోయేది ఇదే. ముందు కంప్రెసర్ ఉంటే హై గెయిన్‌లో దాన్ని ఆపేయండి. వాయించనప్పుడు గోలను పైకి లాగడం దాని నైజం.

ట్రెబుల్, ప్రెజెన్స్ కొంచెం దించితే హిస్ కళ్లకు కట్టినట్టు తగ్గుతుంది.

మీరు నాయిస్ అనుకునేది కొన్నిసార్లు మీ తీగలే. రిఫ్ ఆపాక సన్నగా గంట మోగినట్టు ఉంటే ట్రెమొలో స్ప్రింగుల మీద చెయ్యి పెట్టి చూడండి. ఆగిందా? స్ప్రింగుల కింద స్పాంజి ముక్క దూర్చండి. నట్ వెనక మోగితే అక్కడ మెత్తటి బ్యాండు చుట్టండి.

10. ట్యూబులు

మూడో మెట్టులో గెయిన్‌తో పాటు కదిలిన గోల, గిటార్ వాల్యూమ్ దించినా ఆగని కీచు, ఈ రెంటికీ మొదటి అనుమానం ఇన్‌పుట్ జాక్‌కు దగ్గరి ప్రీయాంప్ ట్యూబ్ మీద. చాలా యాంపుల్లో అది 12ఏఎక్స్7. ట్యూబులు బయటికి కనిపించే యాంప్ అయితే, ఆన్‌లో ఉండగా చెక్క పెన్సిల్‌తో గాజు మీద మెల్లగా తట్టండి. రబ్బరు ఉండే కొసన లోహపు పట్టీ ఉంటే ఆ వైపు వద్దు. మొదటి ట్యూబ్ కొంచెం 'టక్' అనడం సహజం. తట్టినప్పుడు గంటలా మోగినా, కీచుమని ఆగకపోయినా అది మార్చాల్సిందే. యాంప్ ఆపి, ప్లగ్గు పీకి, ట్యూబ్ చల్లారాక మార్చండి. ప్రీయాంప్ ట్యూబులకు బయస్ (ట్యూబ్‌లో పారే కరెంటు సర్దుబాటు) సర్దక్కర్లేదు. పవర్ ట్యూబులు మారిస్తే చాలా యాంపులకు బయస్ చూడాలి, అది టెక్నీషియన్‌కు వదిలేయండి. 12ఏఎక్స్7 బదులు అదే సాకెట్లో 5751 పెడితే గెయిన్ కొంత తగ్గుతుంది, హిస్ కూడా దాంతోపాటే.

గిటార్ వాల్యూమ్ దించితే కీచు ఆగుతోందా? అప్పుడది పికప్. కాయిల్ వదులై మైక్రోఫోన్‌లా పనిచేస్తోంది. మైనంలో ముంచి బిగించడం దానికి వైద్యం. చెయ్యి తిరిగినవాళ్ల చేతే చేయించండి, వేడి ఎక్కువైతే పికప్ పాడవుతుంది.

11. ఇప్పుడు గేట్

ఇంతవరకు వచ్చాక మిగిలేది హిస్, కొంచెం హమ్. గేట్‌కు సరిపడే పని ఇది.

ఎక్కడ పెట్టాలన్నది మిగిలిన గోలను బట్టి. గిటార్, పెడళ్ల గోల అయితే డ్రైవ్ పెడళ్ల తర్వాత, యాంప్‌కు ముందు. యాంప్ ప్రీయాంప్ పుట్టించే హిస్ అయితే ముందు పెట్టిన గేట్ దాన్ని ఆపలేదు, ఎఫెక్ట్స్ లూప్‌లో పెట్టాలి. రెండూ ఉంటే నాలుగు కేబుళ్ల పద్ధతి. బాస్ (Boss) కంపెనీ ఎన్‌ఎస్-2 లాంటి, సెండ్, రిటర్న్ ఉన్న గేట్ దీనికి కావాలి:

- గిటార్ నుంచి గేట్ ఇన్‌పుట్‌కు
- గేట్ సెండ్ నుంచి డ్రైవ్ పెడళ్ల మీదుగా యాంప్ ఇన్‌పుట్‌కు
- యాంప్ లూప్ సెండ్ నుంచి గేట్ రిటర్న్‌కు
- గేట్ ఔట్‌పుట్ నుంచి యాంప్ లూప్ రిటర్న్‌కు

దీని అందం ఏమిటంటే, గేట్ వినేది శుభ్రమైన గిటార్ సిగ్నల్‌ను, మూసేది మాత్రం ప్రీయాంప్ తర్వాతి గోలను. డిలే, రివర్బ్ గేట్ ఔట్‌పుట్ తర్వాతే ఉండాలి, లేకపోతే వాటి తోకలు తెగుతాయి.

థ్రెషోల్డ్ (ఏ స్థాయి కింద గేట్ మూసుకోవాలో చెప్పే నాబ్) సున్నా నుంచి మొదలెట్టండి. గిటార్ వాల్యూమ్ పదిలో ఉంచి, తీగల్ని అరచేత్తో అదిమి, గోల ఆగేదాకా పెంచి, వెంట్రుకవాసి పైకి తిప్పి వదిలేయండి. డికే గానీ రిలీజ్ గానీ (గేట్ ఎంత మెల్లగా మూసుకోవాలో చెప్పే నాబ్) ఉంటే పామ్ మ్యూట్ రిఫ్‌లకు తక్కువ, సోలోలకు ఎక్కువ. థ్రెషోల్డ్‌ను సగం దాటించాల్సి వస్తోందంటే ముందరి మెట్లలో ఏదో మిగిలిపోయింది, వెనక్కి వెళ్లండి.

యాంప్ సిమ్యులేటర్ (కంప్యూటర్‌లో యాంప్‌ను అనుకరించే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లకూ ఇదే వరుస. వాళ్లు అదనంగా చూసుకోవాల్సినవి రెండు. ఇంటర్‌ఫేస్‌లో ఇన్‌స్ట్రుమెంట్ స్విచ్ ఆన్‌లో ఉండాలి. గట్టిగా కొట్టినప్పుడు కూడా ఇన్‌పుట్ ఎర్రదీపం వెలగకూడదు.

12. ఫలితం చూసుకోండి

మొదటి మెట్టులో పెట్టిన చోటే ఫోన్ పెట్టి, ముందు గేట్ ఆపి మళ్లీ రికార్డు చేయండి. గెయిన్, ట్రెబుల్ దించారు కాబట్టి పామ్ మ్యూట్ రెండు రికార్డింగుల్లోనూ ఒకే బిగ్గరగా వచ్చేలా మాస్టర్ సర్దుకోండి. లేకపోతే పోలిక తప్పుతుంది. నిశ్శబ్దానికీ పామ్ మ్యూట్‌కూ మధ్య దూరం ఎంత పెరిగిందో చూడండి. 10 డెసిబెల్స్ తగ్గితే చెవికి గోల దాదాపు సగమైనట్టు అనిపిస్తుంది, అది మంచి ఫలితం.

తర్వాత గేట్ ఆన్ చేసి రెండు పరీక్షలు. ఒకటి: నాలుగు దెబ్బలు కొట్టి టక్కున ఆపండి, ఆ ఖాళీలో ఏమీ వినిపించకూడదు. రెండు: ఒక నోట్ మీటి, వైబ్రాటో ఇస్తూ అది చచ్చిపోయేదాకా వదిలేయండి. చివర్లో దగ్గినట్టు తెగితెగి వస్తే థ్రెషోల్డ్ ఎక్కువైంది. రెండూ పాసయ్యే చోటు కొన్నిసార్లు నాబ్ మీద గోరంత వెడల్పే ఉంటుంది. అక్కడ తెల్ల పెన్నుతో గీత పెట్టుకోండి. ఇంకో గిటార్ తగిలించిన రోజు ఆ గీత పనికిరాదు, దానికి వేరే గీత.